గాల్వనైజింగ్ షెడ్డు కింది మట్టి: విశాఖలో నాలుగెకరాల పాత పారిశ్రామిక స్థలం పరీక్ష, శుద్ధి, పునర్నిర్మాణం

మింది, గాజువాక, ఆటోనగర్, మర్రిపాలెం వైపు మూతపడిన షెడ్డు చేతులు మారిందంటే పనుల వరుస సాధారణంగా ఇలా ఉంటుంది. ముందు రిజిస్ట్రేషన్, తర్వాత ఆర్కిటెక్టు ప్లాన్, ఆపైన పునాది గుంతలు. గుంతలో పసుపుపచ్చ నీళ్లు ఊరాక గానీ మట్టి పరీక్ష మాట రాదు. అప్పటికి సెల్లారు గీసేసి ఉంటారు, ఫ్లాట్లకు అడ్వాన్సులు కూడా తీసుకుని ఉంటారు. మట్టిలో ఏముందో తెలిశాక ప్లాన్ గీస్తే ఖర్చు ఎంత తగ్గుతుందో లెక్కతో సహా చూపడానికే ఈ కేసు రాస్తున్నాం.

లెక్క స్పష్టంగా కనబడాలని ఆ ప్రాంతపు తరహా స్థలాన్ని నమూనాగా తీసుకున్నాం. స్థలం అంకెలు మేం గుండ్రంగా పెట్టుకున్నవి. పద్ధతులు, పరిమితులు, రసాయన లెక్కలు మాత్రం అసలువే. స్థలం నాలుగెకరాలు, అంటే సుమారు 16,000 చదరపు మీటర్లు. పాతికేళ్లు అక్కడ హాట్ డిప్ గాల్వనైజింగ్, అంటే ఇనుప సామానును కరిగిన జింకులో ముంచి పూత వేసే పని, జరిగింది. ఒక పక్క రోడ్డు, వెనక మేఘాద్రిగెడ్డ వైపు పోయే మురుగు కాలువ. పైన మీటరు నుంచి మీటరున్నర దాకా పోసిన గ్రావెల్, దాని కింద నల్లటి బంకమట్టి. ఇంకా కిందకు పోతే కుళ్లిన ఖొండలైటు రాయి. నీటిమట్టం వేసవిలో 2 మీటర్ల లోతున ఉంటుంది, నవంబరులో మీటరు లోపే తగులుతుంది.

ముందు కాగితాలు, తర్వాత గుంతలు

గాల్వనైజింగ్‌లో ఏ పని ఎక్కడ జరిగిందో తెలిస్తే మట్టిలో ఏది ఎక్కడ ఉంటుందో సగం తెలిసినట్టే. ఇనుప సామాను ముందు కాస్టిక్ తొట్టిలో జిడ్డు వదిలించుకుంటుంది, తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో తుప్పు వదిలించుకుంటుంది. ఆపైన జింక్ అమ్మోనియం క్లోరైడ్ ఫ్లక్స్‌లో మునిగి, సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకు కెటిల్‌లోకి దిగుతుంది. చివరగా చల్లార్చే నీళ్ల తొట్టి. ఆ నీళ్లలో తెల్లతుప్పు పట్టకుండా డైక్రోమేట్ కలిపేవారు. పాత కెటిళ్లలో అడుగున సీసం పోసి ఉంచేవారు. కాబట్టి ఆమ్లం తొట్ల వరుస కింద ఆమ్లం, ఇనుము, జింకు, సీసం ఉంటాయి. చల్లార్చే తొట్టి కింద డైక్రోమేట్ నుంచి వచ్చిన క్రోమియం-6 (క్రోమియంలో విషపూరితమైన రూపం) ఉంటుంది, కెటిల్ గుంతలో సీసం ముద్దలు ఉంటాయి, ఫర్నేస్ ఆయిల్ ట్యాంకు చుట్టూ నూనె ఉంటుంది. యార్డు పైపొరలో జింకు బూడిద దుమ్ము.

అందుకే తొలి వారం డ్రిల్లింగ్ జోలికి పోకూడదు. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన పాత సీఎఫ్ఓలు (ఫ్యాక్టరీ నడపడానికి ఇచ్చే అనుమతులు), ప్రమాదకర వ్యర్థాల ఆథరైజేషన్, ఏటా దాఖలు చేసిన రిటర్నులు, ఫ్యాక్టరీల శాఖ ఆమోదించిన లేఅవుట్, గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు తెప్పించాలి. అక్కడ పనిచేసిన ఇద్దరు ముగ్గురు పాత కార్మికులను స్థలానికి పిలిచి, తొట్లు ఏ కాలంలో ఎక్కడి నుంచి ఎక్కడికి మారాయో నేల మీదే సున్నంతో గీయించాలి. కాగితం మీద కనబడని ఆమ్లం గుంత ఈ గీతల్లోనే బయటపడుతుంది.

కళ్లు చెప్పేది కూడా తక్కువేం కాదు. వానాకాలంలో విశాఖలో ఏ ఖాళీ జాగా అయినా పచ్చగా లేస్తుంది. ఆగస్టులోనూ గడ్డి మొలవని మచ్చ ఉందంటే అక్కడ జింకో ఆమ్లమో ఉన్నట్టే. గోడ అడుగున తెల్లటి పెచ్చు, కాంక్రీటు కీళ్లలో పసుపు చార, తుప్పు రంగు నీటిమడుగు కనిపిస్తే వాటన్నింటికీ ఫొటో, జీపీఎస్ గుర్తు తీసుకోవాలి.

నమూనాలు ఎన్ని, ఎక్కడ

20 మీటర్ల చదరపు గడులు వేస్తే 40 చోట్ల నమూనా వస్తుంది. చాలా రిపోర్టులు అక్కడితో ఆగిపోతాయి. చదరపు గడి దూరాన్ని 0.59తో గుణిస్తే వచ్చే వ్యాసార్థం కన్నా చిన్న మచ్చను ఆ గడి 95 శాతం నమ్మకంతో పట్టలేదు. 20 మీటర్ల గడికి ఆ హద్దు దాదాపు 12 మీటర్లు. మన స్థలంలో చల్లార్చే తొట్టి కింది క్రోమియం మచ్చ 150 చదరపు మీటర్లు, వ్యాసార్థం 7 మీటర్ల లోపే. గడుల మధ్య నుంచి అది తప్పించుకుపోయే అవకాశం బాగానే ఉంది. దాన్ని గడులతోనే పట్టాలంటే దూరం 12 మీటర్లకు కుదించి 110కి పైగా చోట్ల తవ్వాలి. పాత లేఅవుట్ చేతిలో ఉంటే 40 గడులకు తోడు 25 గురిపెట్టిన చోట్లు చాలు. ప్రతిచోటా 0–15 సెం.మీ., 50 సెం.మీ., 1 మీటరు, 2 మీటర్ల లోతుల్లో తీయాలి. బంకమట్టి తగిలినచోట దాని పై అంచు నుంచి విడిగా ఇంకొకటి తీయాలి, ఎందుకంటే కిందకు దిగిన కాలుష్యం ఆ అంచు మీదే నిలుస్తుంది.

మట్టిలోని లోహాలను ఎక్స్‌రేతో అక్కడికక్కడే కొలిచే చేతి ఎక్స్ఆర్ఎఫ్ తుపాకీ పనిని బాగా వేగిరం చేస్తుంది. దాని పరిమితులు తెలిసి వాడాలి. మట్టిలో తేమ 20 శాతం దాటితే సీసం, జింకు అంకెలు తగ్గి కనిపిస్తాయి. అందుకే జూలైలో నేల మీద నేరుగా కొట్టిన రీడింగులు నమ్మదగినవి కావు. ఆరబెట్టి, 2 మి.మీ. జల్లెడ పట్టి, కప్పులో పోసి కొలవాలి. సీసం ఎక్కువున్న చోట ఆర్సెనిక్ అంకెను పట్టించుకోవద్దు, రెండింటి ఎక్స్‌రే గీతలు దాదాపు ఒకేచోట పడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పరికరం మొత్తం క్రోమియాన్నే చెబుతుంది, అందులో క్రోమియం-6 ఎంతో చెప్పదు. దానికి నమూనాను చల్లగా ఉంచి ల్యాబుకు పంపి, క్షార ద్రావణంతో తీయించి, డైఫినైల్ కార్బజైడ్ పరీక్ష చేయించాలి. అదే ల్యాబులో మామూలు ఆమ్ల డైజెషన్ చేస్తే క్రోమియం-6 కాస్తా అంత ప్రమాదం లేని క్రోమియం-3గా మారిపోయి 'లేదు' అని వస్తుంది. వర్క్ ఆర్డరులో ఈ మాట స్పష్టంగా రాయాలి. ఎక్స్ఆర్ఎఫ్ చూసిన నమూనాల్లో పదికి ఒకటి చొప్పునైనా ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబులో ఐసీపీ అనే లోహాల విశ్లేషణ పరికరంతో సరిచూడాలి.

పోలిక కోసం 'శుభ్రమైన' మట్టి తెచ్చుకోవడం విశాఖలో తేలిక కాదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన 43 తీవ్ర కాలుష్య పారిశ్రామిక ప్రాంతాల్లో విశాఖ ఒకటి. కొండల మధ్య గిన్నెలా ఉన్న చోట దుమ్ము నిలిచిపోతుంది. ప్రహరీ బయట పది అడుగుల దూరంలో తీసిన నమూనాను నేపథ్య స్థాయి అనకూడదు. సబ్బవరం వైపు అదే ఖొండలైటు మట్టి ఉన్న కొండ వాలు నుంచి తేవాలి. గాలిలో వచ్చి పడింది పైన కొద్ది సెంటీమీటర్లలోనే ఉండి కిందకు పోయేకొద్దీ తరిగిపోతుంది. తొట్టి నుంచి కారింది లోతున కూడా బలంగానే ఉంటుంది. యజమాని 'ఇదంతా పక్కవాళ్ల దుమ్మే' అన్నప్పుడు జవాబు చెప్పేది ఈ లోతుల వరుసే.

ఈ ఉప్పు సముద్రానిదా, తొట్టిదా?

నీటి కోసం ఆరు పరిశీలన బావులు వేయాలి. ప్రవాహ దిశ తెలియాలంటే కనీసం మూడు ఉండాలి. మిగతావి ఆమ్లం వరుస దిగువన, క్రోమియం తొట్టి దిగువన, కాలువ పక్కన. 50 మి.మీ. పీవీసీ గొట్టం, సన్న చీలికల జల్లెడ భాగం, చుట్టూ కడిగిన ఇసుక, దానిపైన అర మీటరు బెంటోనైటు (నీరు తగిలితే ఉబ్బే బంక) ముద్ర, ఆపైన సిమెంటు గ్రౌటు. మామూలు బోరు రిగ్గువాళ్లకు అప్పగిస్తే నల్లబంకను చీల్చుకుని రాయి దాకా దించేస్తారు. పైనున్న మురికికి కిందకు దారి చూపినట్టవుతుంది. మొదటి బావులు బంక దగ్గరే ఆపాలి. ఓడరేవు కాలువలకు దగ్గరైతే ఆటుపోట్లకు మట్టం ఊగుతుంది కాబట్టి అన్ని బావుల మట్టాలూ గంటలోపు కొలిచేయాలి. లోహాల నమూనాను స్థలంలోనే 0.45 మైక్రాన్ ఫిల్టరుతో వడకట్టి నైట్రిక్ ఆమ్లం కలపాలి. క్రోమియం-6 నమూనాకు ఆమ్లం కలపకూడదు, 24 గంటల్లో ల్యాబులో ఉండాలి.

రిపోర్టులో క్లోరైడ్ లీటరుకు 3,000 మి.గ్రా. కనిపించగానే 'సముద్రం పక్కనే కదా' అని దాటేయడం ఇక్కడ మామూలు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం కారినా వచ్చేది క్లోరైడే. తేడా పట్టడానికి రెండు నిష్పత్తులు చాలు. సముద్రపు నీటిలో సోడియం, క్లోరైడ్ మోలార్ నిష్పత్తి 0.86 ఉంటుంది. క్లోరైడ్, బ్రోమైడ్ బరువుల నిష్పత్తి దాదాపు 290. ఆమ్లంతో వచ్చిన క్లోరైడ్‌కు సోడియం తోడు రాదు, బ్రోమైడ్ కూడా రాదు. సోడియం నిష్పత్తి 0.3కు పడిపోయి, బ్రోమైడ్ నిష్పత్తి వెయ్యి దాటి, పీహెచ్ 4 దగ్గర ఉండి, జింకు, ఇనుము కలిసి వచ్చాయంటే అది తొట్టి నీరే. అయాన్ల పట్టికకు బ్రోమైడ్ పరీక్ష ఒక్కటి చేరిస్తే సరిపోతుంది, చాలామంది అడగరు.

చుట్టుపక్కల కాలనీ బోర్లను కూడా ఇదే విడతలో పరీక్షించి, ఫలితాన్ని ఇంటివాళ్లకు తెలుగులో, తాగునీటి ప్రమాణం పక్కనే వేసి ఇవ్వాలి. ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు సీసం 0.01 మి.గ్రా., మొత్తం క్రోమియం 0.05 మి.గ్రా. మించకూడదు. 'మా బోరు నీళ్లు తాగొచ్చా?' అని వాళ్లడిగేదాకా ఆగడం అన్యాయం. నీటి నమూనాలు మేలో ఒకసారి, తుపాన్ల కాలం దాటాక డిసెంబరులో ఒకసారి తీయాలి.

అంకెలు వచ్చాక

నమూనా స్థలంలో ఆమ్లం వరుస కింద 600 చదరపు మీటర్లలో 2 మీటర్ల దాకా పీహెచ్ 3.5. కిలో మట్టికి సీసం 1,800 మి.గ్రా., జింకు 14,000. చల్లార్చే తొట్టి కింద 150 చదరపు మీటర్లలో 2.5 మీటర్ల దాకా క్రోమియం-6 సగటున 120. యార్డులో 7,000 చదరపు మీటర్ల పైపొరలో 30 సెం.మీ. దాకా సీసం 150 నుంచి 250 మధ్య. జింకు అంకె పెద్దగా ఉండటంతో అందరూ దాన్నే చూసి బెదురుతారు. మొక్కలకు అది చేటే, కానీ మనుషుల ఆరోగ్యం విషయంలో ఇక్కడ నిర్ణయం చేసేవి సీసం, క్రోమియం-6.

కెనడా పర్యావరణ మంత్రుల మండలి (సీసీఎంఈ) ప్రమాణాల్లో కిలో మట్టికి సీసం హద్దు నివాస నేలలో 140, వాణిజ్య నేలలో 260, పారిశ్రామిక నేలలో 600 మి.గ్రా. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2024 జనవరిలో నివాస నేలల హద్దును 400 నుంచి 200కు దించింది. అంటే ఇదే యార్డు ఇళ్లకు పనికిరాదు, గోదాముకు పనికొస్తుంది.

ఇళ్లే కట్టాలనుకుంటే మూడు చోట్లా తవ్వాలి. ఆమ్లం వరుస 1,200 ఘనపు మీటర్లు, క్రోమియం మచ్చ 375, యార్డు 2,100. మొత్తం 3,675. ఘనపు మీటరుకు 1.8 టన్నుల చొప్పున 6,615 టన్నులు. టిప్పరుకు 16 టన్నులు వేసుకున్నా 414 ట్రిప్పులు గాజువాక రోడ్ల మీద తిరగాలి. అంతే శుభ్రమైన ఎర్రమట్టి ఏదో ఒక కొండను తొలిచి తేవాలి.

రోడ్డు వైపు వాణిజ్య భవనం, వెనక గోదాము అనుకుంటే లెక్క మారిపోతుంది. యార్డు మట్టిని అక్కడే కప్పొచ్చు. క్రోమియాన్ని అక్కడే శుద్ధి చేయొచ్చు. ఆమ్లం వరుసలో ఏది తరలించాలో మట్టి నుంచి లోహం ఎంత కరిగి బయటకు వస్తుందో చూసే టీసీఎల్‌పీ పరీక్ష తేలుస్తుంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో ఆ పరీక్ష ద్రావణంలో సీసం హద్దు లీటరుకు 5 మి.గ్రా. ఒక వంతు మట్టికి 20 వంతుల ద్రావణం పోస్తారు కాబట్టి మట్టిలో మొత్తం సీసం కిలోకు 100 లోపుంటే పరీక్ష అక్కర్లేదు, మొత్తం కరిగినా 5 దాటదు. మన స్థలంలో ఆమ్లం వరుస పై మీటరు మట్టి ఈ పరీక్షలో 7.2 ఇచ్చింది, కింది మీటరు 1.1 ఇచ్చింది. కాబట్టి పై మీటరు 600 ఘనపు మీటర్లు, 1,080 టన్నులు, 68 ట్రిప్పులు పరవాడ ఫార్మా సిటీలోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి, నిల్వ కేంద్రానికి (టీఎస్‌డీఎఫ్) పోతాయి. 414 ఎక్కడ, 68 ఎక్కడ! ప్లాన్ ముందే గీసేస్తే ఈ ఎంపికే ఉండదు.

కేంద్రం 2025 జూలైలో తెచ్చిన కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలతో ఈ పనికి చట్టపరమైన వరుస కూడా ఏర్పడింది. అనుమానిత స్థలం సమాచారం అందాక రాష్ట్ర మండలికి ప్రాథమిక పరీక్షకు 90 రోజులు, అవసరమైతే సమగ్ర సర్వేకు మరో మూడు నెలలు గడువు ఉంది. బాధ్యుడెవరో తేల్చి ఖర్చు అతని మీద వేసే ఏర్పాటూ ఉంది. కొనేవాళ్లు ఈ పరీక్షను అమ్మకం ఒప్పందానికి ముందే పెట్టుకోవడం మంచిది.

కూల్చివేతలో జరిగే నష్టం

ఆస్‌బెస్టాస్ రేకులను తడిపి, బోల్టులు విప్పి, ముక్కలు కాకుండా దించాలి. జేసీబీతో లాగితే దుమ్ము వీధంతా పోతుంది. తొట్ల కింది కాంక్రీటు అసలు సమస్య. పాతికేళ్లు ఆమ్లం, క్రోమేటు పీల్చుకున్న ఆ గచ్చును పగలగొట్టి మిగతా శిథిలాలతో కలిపి, లెవలింగుకని యార్డంతా పరిచేస్తారు. 150 చదరపు మీటర్ల మచ్చ ఒక్కరోజులో నాలుగెకరాలకు పాకుతుంది. అందుకని తొట్ల కింది గచ్చు, ఆమ్లం ఇటుకలు, కాలువ రాళ్లు వేరుగా, ప్లాస్టిక్ షీటు మీద, గట్టు కట్టి పోయాలి. కొత్తగా విరిచిన ముఖం మీద పసుపు చాయ కనిపిస్తే దాన్ని ప్రమాదకర వ్యర్థంగానే చూడాలి.

కెటిల్ గుంతను ఖాళీ అనుకుని మట్టితో పూడ్చొద్దు. ఇటుక పొయ్యి అడుగున, మసి కింద, చేతి గడ్డపారతో పొడిస్తే మెత్తగా దిగబడే బూడిదరంగు పలక తగులుతుంది. అది పాత కెటిల్ కారి గడ్డకట్టిన సీసం, జింకు. ముక్కలుగా కోసి ఆథరైజేషన్ ఉన్న రీసైక్లరుకు ఇవ్వాలి. పాత ఇనుముతో కలిపి తుక్కు వ్యాపారికి అమ్మితే ఆ సీసం ఏదో గల్లీలో కరుగుతుంది.

క్రోమియం శుద్ధి: వరుస తప్పితే పని చెడుతుంది

375 ఘనపు మీటర్లు, 675 టన్నులు. కిలోకు 120 మి.గ్రా. చొప్పున క్రోమియం-6 మొత్తం 81 కిలోలు. ఒక కిలో క్రోమియం-6ను క్రోమియం-3గా మార్చడానికి సిద్ధాంతం ప్రకారం 16 కిలోల ఫెర్రస్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ కావాలి. అంటే 1,300 కిలోలు. గాలికి పాడయ్యేది, మట్టే మింగేసేది కలుపుకుని మూడింతలు వేసుకుంటే దాదాపు 3.9 టన్నులు. అసలు మోతాదును బకెట్ ప్రయోగంలో తేల్చుకోవాలి. ఐదు కిలోల మట్టి చొప్పున రెండింతలు, మూడింతలు, నాలుగింతల మోతాదు కలిపి, ఏడో రోజు, 28వ రోజు పరీక్షించాలి.

పీహెచ్ 3.5 చూసి ముందు సున్నం కలపాలనిపిస్తుంది. ఆమ్లం వరుసకు అది సరే, క్రోమియం మచ్చకు పనికిరాదు. పీహెచ్ పెరిగితే క్రోమేటు మట్టిరేణువులను వదిలి నీటిలోకి వచ్చేస్తుంది. పైగా అప్పుడు వేసిన ఫెర్రస్ క్రోమియాన్ని చేరకముందే గాలికి తుప్పయిపోతుంది. ముందు ఫెర్రస్, మూడు నాలుగు రోజుల తర్వాత సున్నం, పీహెచ్ 8 దగ్గర ఆపాలి. ఎక్కువైతే మంచిదేలే అని సున్నం కుమ్మరించకూడదు. పీహెచ్ 11 దాటితే సీసం, జింకు మళ్లీ కరగడం మొదలవుతుంది. సల్ఫేటు, సున్నం కలిసినచోట మట్టి ఉబ్బే ప్రమాదం కూడా ఉంది కాబట్టి ఆ మచ్చ మీద పునాది పెట్టకుండా, దగ్గరి పునాదులకు సల్ఫేటును తట్టుకునే సిమెంటు వాడాలి.

రెండు నెలల తర్వాత అంకె మళ్లీ లేవడానికి ఎక్కువగా కారణం ముద్దలే. బంక ముద్ద లోపలికి ద్రావణం పోదు. బకెట్‌తో కలిపితే పైకి చక్కగా కలిసినట్టే ఉంటుంది, పిడికెడంత ముద్ద విరిస్తే లోపల పసుపు అలాగే ఉంటుంది. ముద్దలు 5 సెం.మీ. లోపు విరిగేదాకా స్క్రీనింగ్ బకెట్ వాడాలి. ఇంకో కారణం ఈ జిల్లాల్లో ప్రత్యేకంగా చూడాలి. పూరకంలో (పైన పోసిన మట్టిలో) మాంగనీసు ఖనిజం పొడి కలిసి ఉంటే, మాంగనీసు డైఆక్సైడ్ క్రోమియం-3ను తిరిగి 6గా మార్చగలదు. అలాంటి పూరకాన్ని ముందే వేరు చేయాలి. 90 రోజుల తర్వాత మరో పరీక్ష లేకుండా పని పూర్తయిందని రాయకూడదు.

గుంతలో ఊరిన నీటిని కాలువలోకి తోడటం చట్టవిరుద్ధం. ట్యాంకులో పట్టి, ఇదే వరుసలో ఫెర్రస్, సున్నం వేసి, తేర్చి, క్రోమియం-6, సీసం ఒక్కోటి లీటరుకు 0.1 మి.గ్రా., జింకు 5 మి.గ్రా. లోపుకు వచ్చాక మండలి అనుమతితోనే వదలాలి.

మట్టి పనంతా డిసెంబరు, మే నెలల మధ్య ముగించాలి. అక్టోబరు తుపానుకు టార్పాలిను ఆగదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న ఏం చేసిందో చూసిన ఊరికి ఇది వేరే చెప్పక్కర్లేదు. పరవాడకు పంపే ముందు నమూనా ఇచ్చి అంగీకార పత్రం తీసుకోవాలి. ప్రతి లారీకి ఫారం 10 మానిఫెస్టు (వ్యర్థం రవాణా పత్రం), ఫారం 9 ట్రెమ్ కార్డు (దారిలో ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే కార్డు), పైన కప్పు, గేటు దగ్గర చక్రాల కడుగుడు ఉండాలి. కూలీలకు ఎన్95 మాస్కులు, చేతులు కడిగే కుళాయి, బట్టలు మార్చుకునే గది ఇవ్వాలి. పని బట్టలు ఇంటికి పోతే సీసం పిల్లల దాకా పోతుంది.

కట్టేటప్పుడు

ఆమ్లం వరుసలో మిగిలిన కింది మీటరుకు సున్నం, ఫాస్ఫేటు కలిపి కుదించాలి. తవ్విన గుంత గోడల్లో ప్రతి 10 మీటర్లకు, అడుగున ప్రతి 100 చదరపు మీటర్లకు నిర్ధారణ నమూనా తీశాకే పూడ్చాలి. యార్డు మీద గోదాము గచ్చే కప్పు. మొక్కలు పెట్టేచోట నారింజ రంగు గుర్తు వల పరిచి, దాని మీద 60 సెం.మీ. శుభ్రమైన మట్టి పోయాలి. రేపు ఎవరో కేబులు కోసం తవ్వితే ఆ వల వాళ్లను ఆపుతుంది.

సెల్లారు వద్దు. సెల్లారు తవ్వితే నెలల తరబడి నీళ్లు తోడాలి, ఆ తోడుడుకు పక్క స్థలాల మురికి కూడా ఇటే వస్తుంది. పార్కింగ్ స్టిల్ట్‌లోనే. పైళ్లకు కేసింగ్ దించి, బంక పొర దగ్గర కారకుండా చూడాలి. పైలు నుంచి వచ్చిన మట్టిని, బెంటోనైటు బురదను పరీక్షించకుండా బయటకు పంపొద్దు.

ప్లాన్ అనుమతికి వాన నీటి సంరక్షణ చూపాలి. అలవాటుగా ఇంకుడు గుంత గీసేస్తారు. ఇక్కడ ఇంకుడు గుంత పెడితే ప్రతి వానా మిగిలిన లోహాలను కిందకు కడుగుతుంది. పరీక్ష రిపోర్టు జతచేసి, ఇంకుడు గుంతకు బదులు పైకప్పు నీటిని ట్యాంకులో నిల్వ చేసే పద్ధతిని జీవీఎంసీ (నగరపాలక సంస్థ) దగ్గర రాతపూర్వకంగా అడగాలి. పాత బోర్లను సిమెంటు, బెంటోనైటుతో అడుగు నుంచి పైదాకా నింపి మూయాలి.

ఆరు పరిశీలన బావుల్లో నాలుగైనా నిర్మాణం తర్వాత మిగిలేలా, ఇనుప మూత, తాళంతో ప్లాన్‌లోనే చోటు చూపాలి. కనీసం మూడేళ్లు, మే, డిసెంబరు నెలల్లో పీహెచ్, క్లోరైడ్, బ్రోమైడ్, జింకు, సీసం, క్రోమియం-6 కొలవాలి. బోరు వేయరాదు, ఇంకుడు గుంత తవ్వరాదు, 60 సెం.మీ. దాటి తవ్వితే మట్టిని పరీక్షించాలి, ఇళ్లుగా మార్చాలంటే కొత్త అంచనా చేయించాలి. ఈ నాలుగు షరతులనూ, గుర్తు వల వేసిన చోట్ల కొలతల నక్షానూ సేల్ డీడ్‌లోనూ లీజులోనూ చేర్చి రిజిస్టరు చేయించాలి.